పాప బుగ్గ బాగానే ఉంది, కుక్క ఎందుకు పగిలింది?

రొమాంటిక్ కాలపు (18వ శతాబ్దం చివరి నుంచి 19వ శతాబ్దం మధ్య దాకా) తైలవర్ణ చిత్రాల్లో పిల్లల పక్కన కుక్కో పిల్లో ఉంటే ఒక వింత కనిపిస్తుంటుంది. పాప బుగ్గ నిన్న వేసినట్టుంటుంది. పక్కనే జంతువు ఒంటి మీది నీడ మొసలి వీపులా పగిలి, నల్లబడి ఉంటుంది. వేసిన చెయ్యి ఒకటే. తేడా రంగుల్లో ఉంది.

బుగ్గకు వాడేది సీసపు తెలుపు, అందులో కాస్త ఇంగిలీకం (ఎర్ర రంగు), ఎల్లో ఓకర్ (పసుపు మట్టి రంగు). సీసం ఉంటే రంగుపొడిని కలిపే అవిసె నూనె త్వరగా, గట్టిగా ఆరుతుంది. ముదురు గోధుమ నీడలకు మాత్రం చాలామంది బిట్యుమెన్ మీద మోజుపడ్డారు. అంటే నేలలో దొరికే తారు. కొత్తలో తేనెలా వెచ్చగా మెరుస్తుంది, బొచ్చులోని లోతు ఒక్క పూతలో వచ్చేస్తుంది. మోజు పడ్డారంటే పడరా మరి! కానీ అది తాను ఆరదు, తనతో కలిసిన నూనెనూ సరిగ్గా ఆరనివ్వదు.

బొచ్చు వేసే వరసే దీనికి ఆజ్యం పోస్తుంది. ముందు నీడ, దాని మీద వెంట్రుకలు వాలిన దిక్కున మధ్య రంగు, చివర్లో సన్న కుంచెతో లేత వెంట్రుకలు. ఆ లేత రంగులో సీసం ఉంటుంది కాబట్టి పైపొర ముందే ఆరి బిగుసుకుంటుంది. కింద తారు ఇంకా మెత్తగా కదులుతుంటుంది. ఒకే వెంట్రుక గీత రెండు ముక్కలై పక్కకు జరిగిపోవడం దగ్గర నుంచి చూస్తే తెలుస్తుంది.

వయసు పగులు వేరు. అది సన్నగా, పదునైన అంచుతో, బొమ్మ వేసే ముందు కాన్వాస్‌కు పూసే అడుగు పూత దాకా దిగుతుంది. తారు పగులు వెడల్పుగా, అంచులు గుండ్రంగా ఉండి, సందులో కింది రంగు కనిపిస్తుంది.

ఫ్రెంచ్ చిత్రకారుడు జెరికో 1818–19 ప్రాంతంలో చిన్నారి లూయిజ్ వెర్నెను ఒళ్లో పెద్ద పిల్లితో చిత్రించాడు. పోర్ట్రెయిటే గానీ, బొచ్చును పరిశీలించడానికి మంచి చిత్రం; పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. ఆ రోజుల్లోనే అతను వేసిన ‘మెడూసా తెప్ప’ నీడలు బిట్యుమెన్ వల్ల నల్లబడిపోయాయని చెబుతారు. అదీ లూవ్ర్‌లోనే ఉంది కాబట్టి రెండూ ఒకే రోజు చూడొచ్చు.

బాగుచెయ్యడమూ కష్టమే. పాత వార్నిష్‌ను కరిగించే ద్రావకాలే తారునూ కరిగిస్తాయి. అందుకే ముందు ఒక మూల చిన్న దూది చుట్టతో అద్ది చూస్తారు. దూదికి వార్నిష్ పసుపు అంటితే సరే, గోధుమ రంగు అంటిందా, చెయ్యి అక్కడే ఆగాలి.