ఆదివారం బీరు

"పదయ్యేదాకా ఇది స్కాన్ కాదు" అని బీరు ప్యాక్ పక్కన పెట్టేసింది కౌంటర్‌లో అమ్మాయి. టైము తొమ్మిదీ నలభై.

టెక్సస్‌లో ఆదివారం రూలు మరి. 2021కి ముందైతే మధ్యాహ్నం పన్నెండు దాకా ఆగాల్సిందే. విస్కీ షాపులు ఇప్పటికీ రోజంతా బంద్.

ప్రభుత్వం ఎంత చిన్నగా ఉంటే అంత మేలని ఊదరగొట్టే రాష్ట్రం ఇది! అదే 2021లో, పర్మిట్ లేకుండా పిస్తోలు పెట్టుకు తిరగొచ్చన్నారు. బీరు సరే, నవ్వుకుని వదిలేయొచ్చు. 2003లో సుప్రీంకోర్టు కొట్టేసేదాకా ఇద్దరు మగవాళ్లు సొంతింట్లో తలుపేసుకుని కలిసినా ఇక్కడ నేరమే. పన్నుల పేరుతో జేబులో చెయ్యి పెట్టొద్దనేవాళ్లకి పడకగదిలో తల పెడితే అభ్యంతరం లేదన్నమాట.

పక్కింటి పెద్దాయన పక్కా రిపబ్లికన్. అడిగితే, "అది సంప్రదాయం కదా" అన్నాడు.

పన్నులు అంతకంటే పాత సంప్రదాయమండీ!