అమ్మ దిండు కింద రిపీటర్

నా దగ్గర పదకొండు పాత జేబు గడియారాలున్నాయి. పదింటిని మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలు వేసి బీరువాలో పెట్టాను. నెల్లూరులో ఆ జాగ్రత్త తప్పదు. మైపాడు నుంచి వచ్చే ఉప్పుగాలికి ఇంటి తలుపు గడియలే తుప్పు పడతాయి, వెంట్రుకంత స్ప్రింగులు ఏం ఆగుతాయి? పదకొండోది మాత్రం బీరువాలో ఉండదు.

దాన్ని బిట్రగుంటలో కొన్నాను. ఆవిరి ఇంజన్ల కాలంలో పెద్ద లోకో షెడ్డు నడిచిన ఊరు కదా, పాత రైల్వే కుటుంబాల ఇళ్లల్లో ఇలాంటివి దొరుకుతాయని అప్పుడప్పుడూ అటు వెళ్తుంటాను. ఆ ఇంటివాళ్లు "తాత డ్యూటీ వాచీ" అని చేతికిచ్చారు. నల్లటి గన్‌మెటల్ కేసు, తెల్లటి ఎనామెల్ డయలు. అరచేతిలో పెట్టుకోగానే మామూలు వాచీ కంటే లావుగా అనిపించింది. కేసు అంచు వెంబడి వేలు జరిపితే చిన్న మీట తగిలింది. బిగుసుకుపోయి ఉంది. నాకు గుండె ఝల్లుమంది. డ్యూటీ వాచీలకు ఆ మీట ఉండదు. అది మీట లాగితే గంటలూ పావుగంటలూ కొట్టి చెప్పే వాచీ, క్వార్టర్ రిపీటర్.

వాళ్లకు ఆ సంగతి తెలియదు. చెప్పాను. చెప్పాక ధర రెండింతలైంది, ఇచ్చాను. తెలియనివాళ్ల దగ్గర నోరు మూసుకుని కొంటే, ఆ వాచీని చూసిన ప్రతిసారీ అదే గుర్తొస్తుంది.

రిపీటర్ పుట్టింది చీకటి కోసం. అగ్గిపెట్టె కూడా లేని రోజుల్లో అర్ధరాత్రి టైం చూడాలంటే దీపం వెలిగించడమే పెద్ద పని. 1687లో ఇంగ్లండులో డేనియల్ క్వేర్, ఎడ్వర్డ్ బార్లో ఇద్దరూ నొక్కితే గంటలు కొట్టే వాచీ నాదంటే నాదని తగువు పడ్డారు. రెండో జేమ్స్ రాజు రెండు వాచీలూ చూసి క్వేర్ వైపు మొగ్గాడు. బార్లో వాచీకి గంటలకొక మీట, పావుగంటలకొక మీట. క్వేర్ వాచీలో రెండింటికీ ఒకటే.

లోపలి పని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. మీట లాగితే గంటలు కొట్టడానికి విడిగా ఉన్న స్ప్రింగు చుట్టుకుంటుంది. లోపల నత్తగుల్లలా మెట్లు కోసిన బిళ్ల ఒకటుంది, దానికి పన్నెండు మెట్లు. ఒక సన్నటి చెయ్యి వచ్చి ఆ గంటకు తగిన మెట్టు మీద ఆనుతుంది. మెట్టు ఎంత లోతుంటే సుత్తి అన్ని దెబ్బలు. పావుగంటలకు నాలుగు మెట్ల బిళ్ల వేరే. మోగేది గంట కాదు, యంత్రం చుట్టూ వంచిన రెండు ఉక్కు తీగలు. పారిస్‌లో వాచీలు చేసే బ్రెగే 1783లో గంట తీసేసి అలాంటి తీగ పెట్టాకే రిపీటర్లు బాగా పలచనయ్యాయి.

మొదట దాన్ని ఒక పెద్ద నగరంలో బాగుచేయించాను. మీట కదిలింది కానీ మోత పోయింది. చెక్క మీద గోటితో కొట్టినట్టు టక్, టక్. రెండు రాత్రులు నిద్రపట్టలేదు. చివరికి మా ఊళ్లోనే, వాచీలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాను. కంటికి భూతద్దం బిగించి చాలాసేపు చూశాడు.

"దీన్ని ఎవురో ముట్టుకున్నారబ్బయా. తీగె పోయి తీగెకి తగల్తా ఉంది, ఇంకేడ మోగద్ది?"

పట్టకారుతో రవ్వంత, నిజంగా రవ్వంత, పక్కకు జరిపాడు. తీగ మొదట్లో ఉన్న మరను బిగించాడు. మీట లాగి నా చెవి దగ్గర పెట్టాడు. సన్నగా, తీయగా నాలుగు దెబ్బలు. ఆగి, రెండు జంట దెబ్బలు. నాలుగున్నర దాటింది.

అమ్మకు రెండేళ్లుగా చూపు బాగా మందగించింది. రాత్రి మెలకువ వస్తే నన్ను లేపి టైం అడగడానికి మొహమాటపడేది. రిపీటర్ ఆమె చేతికిచ్చి, మీటను సగంలో వదలకుండా చివరిదాకా లాగమని చెప్పాను. గంటకు ఒక్కో దెబ్బ, పావుకు జంట దెబ్బ అని రెండు రోజుల్లో పట్టేసింది. మూడో రోజు పొద్దున అడిగింది.

"రెండుముక్కాలని చెప్పిందిరా. తర్వాత ఎంతసేపటికి నొక్కినా అదే చెప్పింది. నిమిషాలు చెప్పదా ఇది?"

నిమిషాలు కూడా చెప్పేది మినిట్ రిపీటర్. పన్నెండు యాభై తొమ్మిదికి మీట లాగితే అది గంటలకు పన్నెండు, పావులకు మూడు జంటలు, మిగిలిన నిమిషాలకు పద్నాలుగు కొడుతుంది. దాని ధర నేను అందుకునేది కాదు. అమ్మకు అదంతా చెబితే, "పద్నాలుగు లెక్కపెట్టేలోపు తెల్లారిపోద్ది, నాకిదే చాలు" అంది.

రాత్రి పక్క గదిలోంచి ఆ మోత వినిపిస్తే నాకు తెలియకుండానే లెక్కపెడతాను. నిన్న మూడు దెబ్బలు, ఒక జంట. కాసేపటికి అమ్మ మంచినీళ్ల చెంబు మూత తీసిన చప్పుడైంది.