క్లిక్కుతో దొరికే క్లెయిమ్‌కి అయిదు నెలలు

కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో మా ఖనిజ క్లెయిమ్, అంటే ఒక నేలలో ఖనిజాలు వెతికే హక్కు, నిన్ననే చేతికొచ్చింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

2025 మార్చి 26కి ముందు ఇక్కడ ఫ్రీ మైనర్ సర్టిఫికెట్ (క్లెయిమ్ పట్టడానికి కావాల్సిన లైసెన్సు) ఉన్నవాడెవడైనా ఆన్‌లైన్ మ్యాపులో సెల్స్ (నేలను విడగొట్టిన గళ్లు) మీద నొక్కి, డబ్బు కట్టి, నిమిషాల్లో క్లెయిమ్ పట్టేసేవాడు. ఆ నేల ఎవరి తాతలదని అడిగే దిక్కు లేదు. గిట్‌ఖాలా, ఎహాటిసాట్ నేషన్లు (మూలవాసుల సముదాయాలను ఇక్కడ అలా అంటారు) దావా వేస్తే, క్లెయిమ్ ఇచ్చే ముందే మూలవాసులను సంప్రదించాల్సిన బాధ్యత ప్రభుత్వానిదని 2023 సెప్టెంబరులో కోర్టు తేల్చింది, పద్ధతి మార్చుకోవడానికి 18 నెలలు గడువిచ్చింది.

దరఖాస్తు వరకూ ఇప్పటికీ సులువే. 20 సెల్స్, సుమారు 360 హెక్టార్లు, హెక్టారుకు 1.75 డాలర్ల చొప్పున 630. తర్వాత ప్రభుత్వం ఆ ప్రాంతపు నేషన్లకు పంపుతుంది. 90 నుంచి 120 రోజులంటారు.

మమ్మల్ని ముంచింది ఉత్తరం. నేషన్లకు ముందే రాసుకుంటే మంచిదని ఓ కన్సల్టెంటుకు అప్పగించాం. ఆ మహానుభావుడు మూడు నేషన్లకు ఒకే ఉత్తరం పంపాడు. రెండో నేషన్‌కు వెళ్లిన దాంట్లో మొదటి నేషన్ పేరే ఉండిపోయింది! కింద 'నేల మీద ప్రభావం శూన్యం' అని ముద్దర. జవాబు నాలుగు లైన్లే వచ్చింది: మా పేరు ఇది కాదు. హెలికాప్టర్ ఎక్కడ దిగుతుంది? గుంతలెన్ని? శూన్యమని తేల్చింది ఎవరు?

ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న జియాలజిస్టుని, తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కూర్చుని నేనే రాశా. 50 మీటర్లకొకటి చొప్పున 120 మట్టి శాంపిళ్లు, చేతి ఆగర్‌తో (మట్టి తోడే బర్మాతో) 30-40 సెంటీమీటర్ల లోతున బి పొర (పైమట్టి కింది పొర) దాకా, ఒక్కోటి అర కిలో, తీసిన గుంత అప్పటికప్పుడే పూడ్పు. వాగు ఒండ్రు 14 చోట్ల, 80 మెష్ సన్న జల్లెడ. హెలికాప్టర్ దిగేది రెండు చోట్లే, క్యాంపు లేదు. వాగు పక్క మూడు సెల్స్ వదిలేశాం. క్షమాపణ మొదటి వాక్యంలోనే. తొమ్మిది రోజుల్లో మాట కుదిరింది. అంతకుముందు పోయిన రెండు నెలలకు మేమే బాధ్యులం, వాళ్లు కాదు.

'మూలవాసుల వల్లే మైనింగ్ ఆగిపోయింది' అనే మా మైనింగ్‌వాళ్లకు ఒకటే చెబుతా. నేషన్ల భూమి ఆఫీసులో ఒకరో ఇద్దరో ఉంటారు, వాళ్ల బల్ల మీద ఇలాంటి ఫైళ్లు గుట్టలు. పరిశీలనకు రుసుము అడిగితే బేరమాడకండి. అయినా తెలుగువాళ్లం, బొర్రా దగ్గరి గనుల మీద, గిరిజన ప్రాంతపు నేలను ప్రైవేటు గనులకు లీజుకివ్వకూడదన్న 1997 సమత తీర్పు చూసినవాళ్లం, మనకిది వింతా?

ఏప్రిల్‌లో వేశాం, వచ్చేసరికి సెప్టెంబరు, కొండ మీద మంచు. మీరు నవంబరులో వేయండి, జూన్‌కి అందుతుంది. మొదటి ఏడాది హెక్టారుకు 5 డాలర్ల విలువైన అన్వేషణ పని చూపించాలి. యంత్రాలతో డ్రిల్లింగ్‌కి వేరే అనుమతి, దానికి మళ్లీ సంప్రదింపు. ఆ ఉత్తరం ఇప్పుడే మొదలుపెట్టా, కన్సల్టెంటు లేకుండా.