మేఘం నిండిన మందిరం, మార్జిన్‌లో ఒక మాట

సొలొమోను కట్టించిన మందిరంలోకి నిబంధన మందసాన్ని తెచ్చిన రోజు గురించి రెండవ దినవృత్తాంతముల గ్రంథం 5వ అధ్యాయం చెబుతుంది. లేవీయులైన గాయకులు తాళాలతోను, తంతివాద్యాలతోను బలిపీఠానికి తూర్పున నిలువగా, వారితో 120 మంది యాజకులు బూరలు ఊదారు. అందరి నాదమూ ఒక్కటై దేవుని కృప నిరంతరముండునని స్తుతించిన ఆ ఘడియలోనే మందిరం మేఘంతో నిండింది.

ఆ 13వ వచనం దగ్గర, లూథరన్ పండితుడు కాలోవ్ వ్యాఖ్యానంతో అచ్చయిన తన బైబిల్ మార్జిన్‌లో, సంగీతకర్త యోహాన్ సెబాస్టియన్ బాఖ్ జర్మన్ భాషలో ఒక మాట రాసుకున్నారు. భక్తితో కూడిన సంగీతం ఉన్న చోట దేవుడు తన కృపాసన్నిధితో ఎల్లవేళలా ఉంటాడని దాని భావం. ఆయన సంతకమూ, 1733 సంవత్సరమూ ఉన్న ఆ మూడు సంపుటాలు ఇప్పుడు అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో, కాంకార్డియా సెమినరీలో ఉన్నాయి.

మార్జిన్‌లోని ఆ వాక్యాన్ని విడిగా చదివితే, రాసిన మనిషికి ఏ లోటూ లేదనిపిస్తుంది. కాని ఆయన 1723 నుండి 1750లో మరణించే వరకు జర్మనీలోని లైప్సిగ్ నగరంలో సెయింట్ థామస్ చర్చి కాంటర్‌గా, అంటే బడిపిల్లలకు పాట నేర్పి నగరంలోని చర్చిలకు సంగీతం సమకూర్చే ఉద్యోగిగా గడిపారు. 1730 ఆగస్టులో నగర పాలకమండలికి ఇచ్చిన వినతిపత్రంలో తన బడిపిల్లలను పేరుపేరునా లెక్కగట్టారు: పనికివచ్చేవారు 17 మంది, ఇంకా తయారుకానివారు 20 మంది, పనికిరానివారు 17 మంది. (సంఘంలో పాటల బృందాన్ని నడిపినవారికి ఈ లెక్క చదవగానే నవ్వు వస్తుంది, వెంటనే జాలి కూడా కలుగుతుంది.) ఒక్కో బృందానికి కనీసం 12 మంది గాయకులు ఉండాలని అడిగిన మనిషికి, బూరలే 120 ఉన్న ఆ మందిరం ఎలా కనిపించి ఉంటుంది!

అయినా స్వరపత్రాల మొదట 'యేసూ, సహాయం చేయుము' అనే ప్రార్థనకు గుర్తుగా రెండు అక్షరాలు, చివర 'దేవునికే మహిమ' అనే అర్థంలో మూడు అక్షరాలు రాయడం ఆయనకు అలవాటు. సహాయం అడిగింది ఆ పిల్లలతోనే పాడించడానికి. ఆ వినతిపత్రం ప్రకారం, సంగీతం అర్థంకాక, సంఘకీర్తన మాత్రం ఎలాగో పాడగలిగిన పిల్లలను నగరంలోని సెయింట్ పీటర్స్ చర్చికి పంపేవారు.

మార్జిన్‌లో 'ఎల్లవేళలా' అని రాసిన చేయి ఆ పిల్లల ఆరాధనను మినహాయించలేదు.