సోర్స్ నుంచి జీడీబీ బిల్డ్ చేస్తున్నం

ఈ వారమంతా హన్మకొండ రూంల జీడీబీని (ప్రోగ్రాంల తప్పులు వెతికే డీబగ్గర్) సోర్స్ నుంచి, అంటే దాని అసలు కోడ్ నుంచి, బిల్డ్ చేసుడే పని, గ్నూ ప్రాజెక్ట్ రిచర్డ్ స్టాల్‌మన్ 1986ల మొదలువెట్టిన టూల్‌ని ఇయ్యాల మన లాప్‌టాప్‌ల మనమే విప్పి చూస్కోవచ్చంటే నాకైతే మస్తు సంబురం. ఉబుంటుల కన్ఫిగర్ (బిల్డ్‌కు కావాల్సినయి ఉన్నయా అని చూసే స్క్రిప్ట్) కొట్టంగనే జీఎంపీ (పెద్ద అంకెల లెక్కల లైబ్రరీ) కావాలె అని ఆగింది, అరే లైబ్రరీ ఉన్నది గదా అని కాన్ఫిగ్ డాట్ లాగ్ ఫైల్ తెరిస్తే జీఎంపీ డాట్ హెచ్ అనే హెడర్ ఫైల్ దొరకలే అని సాఫ్ రాసున్నది. లైబ్రరీ ఒక్కటుంటే సరిపోదు, హెడర్ ఫైళ్లుండే డెవ్ ప్యాకేజీ వెయ్యాలె, ఏసినంక మేక్ (కోడ్‌ని కంపైల్ చేసే కమాండ్) ఆగకుంట వోయింది. దోస్తు ఇంటెల్ మ్యాక్‌ల బిల్డ్ అయినా జీడీబీకి కోడ్ సైనింగ్ (డిజిటల్ సంతకం) చెయ్యందే మ్యాక్ దాన్ని వేరే ప్రాసెస్‌ని ముట్టనియ్యది. విండోస్‌ల ఎంసిస్2 (లినక్స్ లాంటి బిల్డ్ టూల్స్ ఇచ్చే సాఫ్ట్‌వేర్) ఉంటే చాలు. మీరు చేస్తే ప్రిఫిక్స్ (ఇన్‌స్టాల్ అయ్యే జాగ) హోం ఫోల్డర్‌కే ఇయ్యుండ్రి తమ్మీ, సిస్టమ్‌ల ఉన్న జీడీబీని కదిలియ్యకుండ్రి.