గామ్‌శాట్ నుంచి ఇంటర్వ్యూ దాకా: నల్లగొండలో నా ప్రిపరేషన్

డిగ్రీ అయ్యాక డాక్టర్ కావాలనిపిస్తే మన దేశంలో మళ్లీ నీట్ రాసి ఎంబీబీఎస్ మొదటి సంవత్సరంలో చేరాల్సిందే. ఆస్ట్రేలియా, బ్రిటన్, ఐర్లాండ్‌లలో మాత్రం పట్టభద్రుల కోసమే నాలుగేళ్ల వైద్య కోర్సులున్నాయి. వాటిలో చాలావాటికి గామ్‌శాట్ (పట్టభద్రుల కోసం పెట్టే వైద్య ప్రవేశ పరీక్ష) స్కోరు అడుగుతారు. నేను నల్లగొండలో బీఎస్సీ చదివి, ఇంట్లోనే ఉండి ప్రిపేరై, ఆస్ట్రేలియాలో సీటు తెచ్చుకున్నాను. ఇదే ప్రయత్నంలో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం ఇది రాస్తున్నాను.

పుస్తకం తెరిచే ముందే ఒక సంగతి తేల్చుకోండి. విదేశంలో చదివి వచ్చి ఇక్కడ ప్రాక్టీసు పెట్టాలంటే, జాతీయ వైద్య కమిషన్ 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి. ఆపైన అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. నాలుగేళ్లంటే 48 నెలలే కదా! నేను అక్కడే పనిచేస్తానని ఇంట్లో అందరితో మాట్లాడి నిర్ణయించుకున్నాకే పరీక్ష ఫీజు కట్టాను. తిరిగి రావాలనుకునేవారు సీటు వచ్చాక బాధపడేకంటే ఇప్పుడే ఆలోచించుకోవడం మంచిది.

పరీక్షలో మూడు విభాగాలు. మూడోది సైన్సు: 150 నిమిషాలు, 75 ప్రశ్నలు. అందులో జీవశాస్త్రం, రసాయనశాస్త్రం చెరి 40 శాతం, భౌతికశాస్త్రం 20 శాతం. ఫిజిక్సుకు మన ఇంటర్ స్థాయి సరిపోతుంది. బైపీసీలో బిట్లు బట్టీ పట్టిన అలవాటు మాత్రం ఇక్కడ అక్కరకు రాదు. ఎప్పుడూ చూడని గ్రాఫు ఒకటి ఇచ్చి, దాని నుంచే జవాబు రాబట్టమంటారు. కాలిక్యులేటర్ ఉండదు. హైడ్రోజన్ అయాన్ల గాఢత 4×10⁻⁵ అని ఇస్తే, లాగ్ 4 సుమారు 0.6 కాబట్టి పీహెచ్ 4.4 అని నోటి లెక్కగా రావాలి. రోజూ ఉదయం కాగితం మీద ఇలాంటి లెక్కలు చేశాకే మిగతా చదువు మొదలుపెట్టేదాన్ని. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలకండి.

మొదటి విభాగంలో కవితలు, కథల్లోని భాగాలు, కార్టూన్లు ఇచ్చి ప్రశ్నలు అడుగుతారు. దీనికి దగ్గరి దారి లేదు, ఇంగ్లిషు సాహిత్యం నెమ్మదిగా చదవాల్సిందే.

నాకు బాగా ఇష్టమైనది రెండో విభాగం. 65 నిమిషాల్లో రెండు వ్యాసాలు రాయాలి. ఒక అంశం మీద కొన్ని వ్యాఖ్యలు ఇస్తారు, వాటి ఆధారంగా మన ఆలోచన చెప్పాలి. ఎక్కడో చదివిన గొప్పవాళ్ల ఉదాహరణలు అందరూ రాస్తారు. మనకు మన జిల్లా ఉంది. అభివృద్ధి గురించి సాధన చేసినప్పుడల్లా నేను ఫ్లోరైడ్ గురించి రాసేదాన్ని. మర్రిగూడ వైపు ఊళ్లలో వంగిపోయిన ఎముకలతో బతుకుతున్నవారిని చూశాను. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి మన ఊరి పేరే పెట్టారు. పరిష్కారానికి పేరిచ్చిన జిల్లాలోనే జనం అన్నేళ్లు ఆ నీళ్లే ఎందుకు తాగాల్సి వచ్చింది? ఈ ఒక్క ప్రశ్న చుట్టూ విజ్ఞానం, ప్రభుత్వం, పేదరికం అన్నీ వచ్చేస్తాయి.

ఇక ఇంటర్వ్యూ. చాలా చోట్ల ఎంఎంఐ (మల్టిపుల్ మినీ ఇంటర్వ్యూ), అంటే ఒకదాని తర్వాత ఒకటిగా చిన్న చిన్న ఇంటర్వ్యూలు చేసే పద్ధతి ఉంటుంది. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. వరుసగా కొన్ని స్టేషన్లు, ఒక్కో దాంట్లో ఒక సందర్భం, మాట్లాడటానికి కొద్ది నిమిషాలు. మా పెద్దమ్మ కూతురు స్టాఫ్ నర్సు. డ్యూటీ దిగి వచ్చాక నాతో సాధన చేయించేది. ఒకరోజు ఆమె దేవరకొండ నుంచి వచ్చిన షుగరు రోగిగా కూర్చుంది. కాలు తీసేయాలని నేను చెప్పాలి. నేను ఇన్ఫెక్షన్ గురించి వివరంగా మొదలుపెట్టాను. ఆమె మధ్యలోనే, “కాలు పోతే నన్ను ఎవరు చూస్తారు డాక్టరమ్మా?” అంది. నేను ఆగిపోయాను. “ఇంట్లో ఎవరెవరు ఉంటారమ్మా?” అని అడిగాక గానీ మాట ముందుకు సాగలేదు. అక్క అప్పుడు, “ఇదే మొదట అడగాలి, ఆపరేషన్ సంగతి తర్వాత” అంది.

ఆ రోజు నుంచి ప్రతి సందర్భాన్నీ ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లిషులో సాధన చేశాం. నా మట్టుకు నాకు ఇంతకంటే మంచి పద్ధతి కనిపించలేదు. ఓదార్పు మాట మన భాషలో సహజంగా వస్తే, ఇంగ్లిషులో అదే నిదానం నిలబడుతుంది. నేరుగా ఇంగ్లిషులో మొదలుపెడితే వ్యాకరణం మీదికే ధ్యాస పోతుంది. కోచింగ్ వాళ్లిచ్చే తయారు జవాబులు కంఠస్థం చేయకండి, అడిగేవారు రెండో ప్రశ్నకే పట్టేస్తారు. ఇంట్లో వైద్యరంగం వాళ్లు లేకపోయినా ఫర్వాలేదు. మీ మాటకు అడ్డుపడి ప్రశ్నించే మనిషి ఒకరుంటే చాలు.

గామ్‌శాట్ ఏడాదికి రెండుసార్లు, మార్చిలో, సెప్టెంబర్‌లో జరుగుతుంది. స్కోరు నాలుగేళ్లు చెల్లుతుంది. డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నవారు సెప్టెంబర్‌కు రాస్తే, స్కోరు చాలకపోయినా మార్చికి సిద్ధం కావడానికి ఆరు నెలలు చేతిలో ఉంటాయి.