లైటు ఇటు పట్టు

"ఆ కారు నాకు వద్దు నాన్నా" అంది మా అమ్మాయి.

వచ్చే నెలకి తనకి పదిహేనున్నర నిండుతాయి. అమెరికాలో మేముండే ఒహాయోలో ఆ వయసుకి డ్రైవింగ్ నేర్చుకోవడానికి టెంపరరీ పర్మిట్ తీసుకోవచ్చు. లైసెన్సు చేతికొచ్చేలోపు మాలో ఒకరు పక్కన కూర్చుని యాభై గంటలు నడిపించాలి, అందులో పది గంటలు రాత్రిపూట. ఆ యాభై గంటల కోసమే ఆ బండిని ఇన్నాళ్లూ కాపాడుకుంటూ వచ్చాను. 2008 టొయోటా హైలాండర్. మీటరు 2,26,000 మైళ్లు దాటింది, అంటే 3,60,000 కిలోమీటర్ల పైమాటే. పిల్ల పుట్టినప్పుడు ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నది అందులోనే.

సిగ్గుపడుతోందని అనుకున్నాను. స్నేహితులందరి ఇళ్లలో కొత్త కార్లు, మన బండికేమో చక్రాల పైన తుప్పు. అంతే, మొదలుపెట్టాను. నీ వయసులో నాకు సైకిల్ కూడా లేదు, విజయవాడలో సిటీ బస్సులో వేలాడుతూ కాలేజీకి వెళ్లేవాణ్ణి, వస్తువు విలువ తెలుసుకోవాలి... పది నిమిషాలైనా మాట్లాడి ఉంటాను. తను అంతా విని, "పాతదని కాదు నాన్నా. ఎనిమిదేళ్ల నుంచి దానికి నేను లైటు పట్టుకుంటున్నాను. ఒక్కసారైనా పానా నా చేతికిచ్చావా? అది నీ కారు. నేను తోలినా పక్కన కూర్చుని స్టీరింగ్ లాక్కుంటావు" అంది.

ఆ తర్వాత అన్నమాట ఇంకా గుచ్చుకుంది. "నాకు బాగా వచ్చిన తెలుగు ఏంటో తెలుసా? లైటు ఇటు పట్టు. జరుగు. ఇటివ్వు."

తెలుగు మాట్లాడటం లేదని తనమీద ఎన్నిసార్లు కోప్పడ్డానో నాకే లెక్క లేదు. ఆదివారం తెలుగు క్లాసుకి రెండేళ్లు తిప్పాను, మానేస్తానంటే వారం రోజులు మొహం ముడుచుకుని కూర్చున్నాను. గ్యారేజీలో ఉన్నంతసేపూ నా నోట తెలుగే వస్తుంది, పిల్లకి నాలుగు ముక్కలైనా అక్కడే అబ్బుతాయని లోపల సంతోషపడేవాణ్ణి. అబ్బినవి ఆ మూడు ముక్కలు.

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో లారీ మెకానిక్. సాయంత్రం ఇంటికి రాగానే పెరట్లో కూర్చుని కిరోసిన్‌తో, ఆ తర్వాత రంపపు పొట్టుతో చేతులు రుద్దుకునేవాడు. ఎంత రుద్దినా గోళ్ల చుట్టూ నల్ల గీత ఉండిపోయేది. ఎండాకాలం సెలవుల్లో నేను షెడ్డుకి వెళ్లి పానా ముట్టుకుంటే చాలు, "పోయి చదువుకో, ఈ మసి నాతోనే పోవాలి" అని తరిమేసేవాడు. ఇంటర్‌కి హాస్టల్లో వేశాడు. నాకొచ్చిన మెకానిక్ పనంతా ఈ దేశం వచ్చాక వీడియోలు చూసి నేర్చుకున్నదే. మొదట్లో డబ్బు మిగులుతుందని మొదలుపెట్టాను. తర్వాత వేళ్లకి ఆ నలుపు అంటినప్పుడల్లా నాన్న పక్కనే ఉన్నట్టు అనిపించేది. అందుకే ఆ బండిని వదలలేకపోయాను. ఈ సంగతి మా ఆవిడకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

పిల్లకి ఏడేళ్లప్పుడు నాన్న ఇక్కడికొచ్చి నాలుగు నెలలున్నాడు. ఓ శనివారం బానెట్ ఎత్తించి, ఇంజన్ ఆన్ చేయించి, పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనని, బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్ మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. బేరింగ్ అరిగితే గరగరమని ఆ ఇనుప కడ్డీ గుండా వినిపిస్తుంది. "ఆర్నెల్లకి మించి రాదు" అన్నాడు. తర్వాత పిల్లని స్టూలు మీద నిలబెట్టి, జుట్టు వెనక్కి ముడేసి, బెల్టుకి దూరంగా తన చెయ్యి అడ్డం పెట్టి, అదే పిడి తన చెవికి ఆనించాడు. "వినపడుతోందా తల్లీ?" నేను ఫోటో తీసుకున్నాను. నన్ను షెడ్డు నుంచి తరిమిన మనిషి మనవరాలి చేతికి పనిముట్టు ఇస్తుంటే ముచ్చటేసింది. కొంచెం కడుపులో మండింది కూడా.

"తాతయ్య ఒక్కడే ఇచ్చాడు" అని మొన్న తను గుర్తుచేసినప్పుడు నేనేమీ అనలేకపోయాను.

పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని పని చెయ్యండి, వాళ్లే నేర్చుకుంటారు అని ఎంతమంది మిత్రులకి చెప్పానో. పక్కన కూర్చోబెట్టుకున్నాను, నిజమే. అయితే అలా కూర్చుంటే దగ్గరితనం వస్తుందో, చేతులు కట్టేసినట్టుంటుందో ఇప్పుడు నేను గట్టిగా చెప్పలేను. పైగా మాటల్లో నేర్చుకో అంటాను, నిజంగా చెయ్యి పెడితే వేళ్లు నలుగుతాయని, హోంవర్కు ఉంది కదా అని వెనక్కి లాగుతాను. నాన్న ఒక్క మాటే అనేవాడు, దాని మీదే నిలబడేవాడు. నేను రెండూ అంటాను.

పోయిన శనివారం ముందు బ్రేకులు మార్చాల్సి వచ్చింది. షాపులో అడిగితే దాదాపు 700 డాలర్లన్నారు. చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లేలు, అంటే రోటర్లు, వాటిని నొక్కి ఆపే ప్యాడ్లు కలిపి నాకు 160 అయింది. పనిముట్ల పెట్టె తన ముందు పెట్టి, "ఇవాళ లైటు నేను పట్టుకుంటాను" అన్నాను. అనుమానంగా చూసింది. వచ్చింది.

వెనక చక్రాలకి అడ్డాలు పెట్టింది. జాకీతో లేపి స్టాండ్లు వేశాక, నేను చెప్పకుండానే ఫెండర్ పట్టుకుని బండిని గట్టిగా ఊపి చూసింది. జాకీని నమ్మి బండి కింద చెయ్యి పెట్టకూడదని తనకి ఎప్పుడో తెలుసు. పాత ప్యాడ్లు 3 మిల్లీమీటర్లకి వచ్చేశాయి. ప్యాడ్లని రోటర్ మీదకి నొక్కే కాలిపర్ ఊడదీసి, బ్రేకు గొట్టం మీద బరువు పడేలా వదలబోయింది. "జరుగు" అని నా నోట వచ్చేసింది, చెయ్యి కూడా వెళ్లింది. తను నావైపు చూసింది. చెయ్యి వెనక్కి తీసుకుని, గొట్టం లోపల దెబ్బతింటుందని మాత్రం చెప్పాను. తీగ తెచ్చి స్ప్రింగుకి తనే వేలాడదీసింది.

రోటర్ రాలేదు. ఇక్కడ మంచు కరగాలని చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, చక్రాన్ని బిగించే హబ్‌కీ రోటర్‌కీ మధ్య తుప్పు పట్టి రెండూ ఒకటైపోతాయి. రబ్బరు సుత్తితో కొట్టింది. కదల్లేదు. చుట్టూ తిప్పి తిప్పి కొట్టింది. దాన్ని ఎలా ఊడదీయాలో నాకు తెలుసు, నాలిక చివర ఉంది. లైటు పట్టుకుని నిలబడటం ఎంత కష్టమో నాకు నలభై ఎనిమిదో ఏట తెలిసింది.

కాసేపటికి ఆగి, వేలితో రోటర్ మొహం తడిమి, "ఇక్కడ రెండు కన్నాలున్నాయి, లోపల మరలు కూడా ఉన్నాయి. ఎందుకు?" అని అడిగింది.

"ఎందుకై ఉంటాయి?"

"బోల్టు ఎక్కిస్తే... హబ్‌ని నెడుతుందా?"

8 మిల్లీమీటర్ల బోల్టులు రెండు ఇచ్చాను. ఇటు అర చుట్టు, అటు అర చుట్టు. ఒకదాన్నే బిగిస్తే మరలు పాడవుతాయని చెప్పే అవసరం రాలేదు. నాలుగో విడతకి టప్‌మని ఊడి, తుప్పు పెచ్చులు తన బూట్ల మీద పడ్డాయి. తను నవ్విన నవ్వు స్టూలు మీద నిలబడ్డ ఆ ఏడేళ్ల పిల్లదే.

నాకు ఒక చక్రం ముప్పావు గంట పని. తనకి మొదటిది మూడు గంటలు పట్టింది. పులిహోర చల్లారిపోయింది, మా ఆవిడ రెండుసార్లు పిలిచి ఊరుకుంది. రెండో చక్రానికి నన్ను ఏమీ అడగలేదు. చివర్లో నట్లు ఒకదానికి ఎదురు ఒకటిగా బిగించి, ఎంత బలంతో బిగించాలో అంతకి రాగానే క్లిక్ అనే టార్క్ రెంచ్ 76 ఫుట్-పౌండ్ల దగ్గర పెట్టి, అది క్లిక్‌మనేదాకా లాగింది. సీట్లో కూర్చుని పెడల్ తొక్కితే మొదటిసారి నేలకి ఆనింది. కంగారుపడింది. ప్యాడ్లు ముందుకొచ్చి రోటర్‌కి ఆనేదాకా అలాగే తొక్కాలని చెప్పాను. నాలుగోసారికి గట్టిపడింది.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేసి అంతా చెప్పాను. నన్నెందుకు పని ముట్టుకోనివ్వలేదని ఇన్నేళ్లకి అడిగాను. కాసేపు ఏం మాట్లాడలేదు. "బ్రేకులు బాగా పడుతున్నాయా?" అన్నాడు.

"ఇంకా రోడ్డెక్కించలేదు నాన్నా."

నిద్ర పట్టలేదు. రేపు పిల్లే ఎక్కుతుంది, చక్రం కదా, అనుకున్నాను. పన్నెండు దాటాక చెప్పులు లేకుండా గ్యారేజీలోకి దిగి, లైటు నోట కరుచుకుని, టార్క్ రెంచ్‌తో ఒక్కో నట్టూ చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

పొద్దున్న కాఫీ కలుపుతుంటే వచ్చి పక్కన నిలబడింది.

"యాభై మైళ్లు తిరిగాక నట్లు మళ్లీ ఒకసారి చూడాలి, కదా నాన్నా?"

"అవునమ్మా. అది పద్ధతి."

"బండి ఇంకా కదల్లేదుగా. రాత్రి పది క్లిక్కులు వినిపించాయి" అంది.

తాళాలు తీసి తన చేతికిచ్చాను. తీసుకుంది, కానీ ఇంకా జవాబు కోసం చూస్తోంది.